ఊపిరి లెక్కపెట్టే ఒక్క నిమిషం

శస్త్రచికిత్స అయిన మరునాడు రోగి మంచానికి వేలాడే చార్టును ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? నాడి ఒక పూట 84, మరో పూట 96. రక్తపోటు అంకెలూ మారుతుంటాయి. శ్వాస గడిలో మాత్రం ఉదయం 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. పక్క మంచం రోగికీ అదే 20. ఇందరు మనుషులు ఒకే లయలో ఊపిరి తీయడం ప్రకృతిలో జరగదు. ఆ అంకె లెక్కించినది కాదు, ఊరికే వేసినది.

ఇది చిన్న లోపమని నేను అనుకోను. న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్, లోపలి రక్తస్రావం, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం వంటి ఉపద్రవాల తొలి సూచనల్లో శ్వాసవేగం పెరగడం ముఖ్యమైనది. రక్తపోటు పడిపోవడం తరచుగా ఆలస్యంగా గాని కనబడదు. శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను పరుగెత్తించి, దాన్ని చాలాసేపు నిలబెడుతుంది. అందుకే "బీపీ బాగానే ఉంది" అన్న మాట ఒక్కటే విని నిశ్చింతగా ఉండరాదు.

వేలికి తగిలించే ఆక్సిమీటరు ఉందిగా అంటారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన రోగిలో అది 97 చూపవచ్చు. ఆ 97 కోసం అతడు నిమిషానికి 28 సార్లు ఎగశ్వాస తీస్తున్నాడన్న సంగతి ఆ అంకెలో కనిపించదు.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి 2017లో సవరించిన 'న్యూస్' అనే మార్కుల పద్ధతి ఈ గడికి తగిన విలువనిచ్చింది. పెద్దల్లో నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలైతే సున్నా. 21 నుంచి 24 అయితే 2 మార్కులు. 25, ఆపైన అయితే 3. మార్ఫిన్ వంటి మందులతో శ్వాస 8కి, అంతకన్న కిందికి దిగినా 3 మార్కులే. ఏ ఒక్క అంశంలో 3 వచ్చినా రోగిని వెంటనే తిరిగి పరీక్షించాలి. 2017 సవరణలో, కొత్తగా మొదలైన అయోమయానికి కూడా 3 మార్కులు ఇచ్చారు. మన ఇళ్లలో "వయసు మీదపడింది, ఏదో మాట్లాడుతోంది" అని తోసిపుచ్చేది దీన్నే.

తప్పంతా నర్సులమీద వేయడం అన్యాయం. రాత్రివేళ ముప్పై మంచాలకు ఒక్క నర్సు ఉన్న వార్డులో, శ్వాసకు నిమిషం చొప్పున ఇచ్చినా అరగంట దానికే పోతుంది. పైగా అర్ధరాత్రి ఫోన్ చేసిన నర్సును "ఇంత చిన్నదానికా?" అని కసిరే వైద్యులున్నారు. నా ఉద్యోగకాలంలో అలాంటివారిని చూశాను. ఒకసారి కసురు తిన్న నర్సు మరోసారి ఫోన్ తీయడానికి వెనకాడుతుంది. మూల్యం రోగి చెల్లిస్తాడు. ఏ అనుమానం వచ్చినా పిలవవచ్చునన్న భరోసాను ఆసుపత్రి రాతపూర్వకంగా ఇవ్వాలని నా అభిప్రాయం.

రోగి దగ్గర కూర్చున్న మీరూ ఒక పని చేయగలరు. గమనిస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. అందుకే అనుభవజ్ఞురాలైన నర్సు నాడి చూస్తున్నట్లే చేయి పట్టుకొని ఛాతీకేసి చూస్తుంది. ఆ నిమిషంలో ఆమెను పలకరించకండి. అనుమానం కలిగితే, గడియారం ముందు పెట్టుకొని పూర్తి అరవై సెకన్లు మీరే లెక్కపెట్టండి. "ఎలాగో ఉన్నాడు" అనక, "సిస్టర్, సాయంత్రం 18 ఉంది, ఇప్పుడు 26" అని చెప్పండి. ఎవరూ రాకపోతే, పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ వెళ్లి డ్యూటీ డాక్టరును పిలవమని అడగండి.