సేనలు వెళ్ళిపోతే శాంతి వచ్చినట్టేనా?

2021 ఆగస్టు 15వ తేదీ. పొద్దున్న మనం జెండా ఎగరేసుకున్నాం, మిఠాయిలు పంచుకున్నాం. రాత్రికి టీవీలో కాబూల్ కనిపించింది. దేశాధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశం విడిచి పారిపోయాడు. ఆయన కూర్చునే బల్ల చుట్టూ తుపాకులు పట్టుకున్న తాలిబాన్లు చేరారు. మర్నాడు విమానాశ్రయంలో కదులుతున్న విమానం వెంట పరుగెత్తిన జనాన్నీ, దాన్ని పట్టుకు వేలాడి పైనుంచి రాలిపోయిన మనుషుల్నీ లోకమంతా చూసింది.

"ఎక్కడో ఉన్న ఆ దేశంతో మనకేం పని?" అని అడిగే మిత్రులున్నారు. పనుంది. మన పులిహోరలో వేసే ఇంగువకి ముడిసరుకు ఎక్కువగా ఆ గడ్డ నుంచే వస్తున్నది. 2006లో అక్కడ టెలిఫోన్ టవర్ల పనికి వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరు ఒకరిని తాలిబాన్లు ఎత్తుకుపోయి చంపేశారు. అన్నిటికంటే దగ్గరి సంగతి - ఉస్మానియాలోనూ, హైదరాబాదులోని మరికొన్ని విద్యాసంస్థల్లోనూ ఏళ్ళ తరబడి ఆఫ్ఘన్ విద్యార్థులు చదువుకుంటున్నారు. చదువు పూర్తయితే ఇంటికి వెళ్ళాలని మనం ఎదురుచూస్తాం. చదువు పూర్తయితే ఎక్కడికి వెళ్ళాలిరా దేవుడా అని వాళ్ళు భయపడ్డారు. ఒకే మెస్సులో అన్నం తినే ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం మన చదువులో భాగమే.

ఆఫ్ఘనిస్తాన్ గురించి మనవాళ్ళలో రెండు వాదాలు వినిపిస్తుంటాయి. పరాయి సైన్యాలు ఉన్నంతకాలం యుద్ధం ఆగదు, అవి వెళ్ళిపోతే అంతా సర్దుకుంటుంది అనేది ఒకటి. సైన్యాలు వెళ్ళిపోబట్టే దేశం కుప్పకూలింది, ఇంకొన్నాళ్ళు ఉండి ఉంటే బాగుండేది అనేది రెండోది. నా మటుకు నాకు రెండూ సగం నిజాలుగానే కనిపిస్తున్నాయి. సగం నిజంతో వాదన గెలవవచ్చు గాని సంగతి అర్థం కాదు.

చరిత్ర కాస్త తిరగేద్దాం. పరాయి సేనలు అక్కడ నిలవలేకపోవడం కొత్త కాదు. 1842 జనవరిలో కాబూల్ నుంచి వెనక్కి మళ్ళిన బ్రిటిష్ సేన, దాని వెంట ఉన్న పరివారం కలిపి సుమారు 16,000 మంది. మంచు కనుమల్లో దాదాపు అందరూ చావడమో, పట్టుబడడమో జరిగింది. గుర్రం మీద జలాలాబాద్ చేరిన డాక్టర్ బ్రైడన్ పేరు ఇంగ్లీషు పుస్తకాల్లో మిగిలింది. ఆ దారిలో గడ్డకట్టి చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలు, కూలీలేనన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. సామ్రాజ్యం దొరలది, చావు మనవాళ్ళది!

1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించాయి. హఫీజుల్లా అమీన్‌ని చంపి బబ్రాక్ కర్మాల్‌ని గద్దె మీద కూర్చోబెట్టాయి. అమెరికా, పాకిస్తాన్, సౌదీ అరేబియా ముజాహిదీన్లకు ఆయుధాలూ డబ్బూ పోశాయి. ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు, లక్షలాది ఆఫ్ఘన్లు చచ్చిపోయారు. అంతకు ఎన్నో రెట్లమంది పాకిస్తాన్‌కీ, ఇరాన్‌కీ వలసపోయారు. సోవియట్ సైనికులు కూడా సుమారు 15,000 మంది మరణించారు. చివరికి 1988 ఏప్రిల్‌లో జెనీవా ఒప్పందాలు కుదిరాయి. 1989 ఫిబ్రవరి 15న జనరల్ గ్రోమోవ్ అమూ దర్యా వంతెన దాటి వెళ్ళిపోయాడు.

ఇక నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో పడిపోతుందని చాలామంది పండితులు జోస్యం చెప్పారు. పడలేదు. ఆ మార్చిలోనే ముజాహిదీన్లు జలాలాబాద్ మీద పడ్డారు. నెలల తరబడి పోరాడినా పట్టుకోలేకపోయారు. లొంగిపోయినా ప్రాణాలు దక్కవన్న భయంతో ప్రభుత్వ సైనికులు తెగించి పోరాడారు. 1990లో సొంత రక్షణమంత్రి తనాయ్ తిరుగుబాటు చేసినా నజీబ్ తట్టుకున్నాడు. ఎలా? సోవియట్ సైనికుడు వెళ్ళిపోయాడు గాని సోవియట్ గోధుమలు, పెట్రోలు, డబ్బు, ఆయుధాలు ఆగలేదు. ఆ డబ్బుతో నజీబ్ ఉత్తరాది సాయుధ దళాలను తన వైపు ఉంచుకున్నాడు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. సాయం ఆగింది, విమానాలకు పెట్రోలు కరువైంది. జీతం తీసుకుంటున్న దోస్తుం దళాలు ఎదురుతిరిగాయి. 1992 ఏప్రిల్‌లో నజీబ్ గద్దె దిగి ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకున్నాడు. 1996లో తాలిబాన్లు ఆయన్ని అక్కడి నుంచి లాక్కొచ్చి చంపి నడివీధిలో వేలాడదీశారు.

మధ్యలో గడిచిన ఆ నాలుగేళ్ళు గుర్తుపెట్టుకోవాలి. సోవియట్ సేనలు లేవు, వాళ్ళు నిలబెట్టిన ప్రభుత్వమూ లేదు. మరి శాంతి వచ్చిందా? గెలిచిన ముజాహిదీన్ ముఠాలు కాబూల్ కోసం తమలో తాము కొట్టుకున్నాయి. సోవియట్ యుద్ధంలో చాలావరకు నిలిచిన రాజధాని, సొంతవాళ్ళ రాకెట్లకు నేలమట్టమైంది. విసిగిపోయిన జనంలో కొందరు తాలిబాన్లకు మొదట్లో తలుపులు తెరిచారంటే ఆ విసుగే కారణం.

ఇప్పుడు అమెరికా కథ చూద్దాం. 2001 అక్టోబరు 7న బాంబులు పడ్డాయి. రెండు నెలల్లో తాలిబాన్ల పాలన పోయింది. 2010-11 నాటికి అక్కడ సుమారు లక్షమంది అమెరికన్ సైనికులున్నారు. ఆఫ్ఘన్ సైన్యాన్నీ పోలీసుల్నీ తయారుచేయడానికి అమెరికా కేటాయించిన డబ్బు 8,800 కోట్ల డాలర్లకు పైమాటే. కాగితం మీద ఆ బలగం మూడు లక్షలు. ఆ మూడు లక్షల్లో ఉత్తుత్తి పేర్లు ఎన్నో! లేని సైనికుడి పేర జీతం ఎత్తుకునే అధికారులున్నారని అమెరికా తనిఖీ అధికారులే ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చారు. ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు పరాయి దేశాల సాయమే. మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు - అరువు సొమ్ము బరువు చేటు.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తాలిబాన్లతో ఒప్పందం చేసుకుంది. ఆఫ్ఘన్ ప్రభుత్వం ఆ సంతకాల్లో లేదు. ఇంటి యజమానిని వీధిలో నిలబెట్టి ఇల్లు బేరమాడినట్టయింది. ఇంటివాళ్ళు చేసిందేమిటి? సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, మార్చి 9న, కాబూల్‌లో అష్రఫ్ ఘనీ, అబ్దుల్లా అబ్దుల్లా ఇద్దరూ ఎవరికి వారే అధ్యక్షులమని విడివిడిగా ప్రమాణ స్వీకారం చేశారు! శత్రువు గుమ్మంలో ఉంటే అన్నదమ్ములు కుర్చీ కోసం కొట్టుకున్నారు.

దోహా ఒప్పందం ప్రకారం సైనికులే కాదు, ఆఫ్ఘన్ విమానాలకు మరమ్మతులు చేసే పరాయి కాంట్రాక్టర్లు కూడా వెళ్ళిపోవాలి. మెకానిక్ లేని విమానం ఎన్నాళ్ళు ఎగురుతుంది? కొండల మీది చిన్న చిన్న సైనిక శిబిరాలకు తిండీ తూటాలూ అందడం మానేశాయి. జీతాలు నెలల తరబడి రాలేదు. ఊరి పెద్దలు వచ్చి, ఆయుధాలు అప్పగిస్తే ప్రాణాలతో ఇంటికి పోవచ్చని చెబితే సైనికులు ఒప్పుకున్నారు. 2021 ఆగస్టు 6న జరంజ్ పట్టణం పడింది. తొమ్మిది రోజుల్లో కాబూల్ పడింది. "ఆఫ్ఘన్లు పోరాడలేదు" అని అమెరికా నాయకులు తేలిగ్గా అనేశారు. ఇది అన్యాయం. ఆ ఇరవై ఏళ్ళలో చనిపోయిన అమెరికన్ సైనికులు 2,400 పైచిలుకు. చనిపోయిన ఆఫ్ఘన్ సైనికులు, పోలీసులు 60,000కి పైనే. వాళ్ళు పోరాడారు. ఎవరికోసం పోరాడాలో చివర్లో తెలియకుండా పోయింది.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. నజీబ్ సైనికుడికి లొంగిపోతే చావు, వెనక సరుకు ఉంది; నిలబడ్డాడు. ఘనీ సైనికుడికి లొంగిపోతే బతుకు, వెనక ఏమీ లేదు, దిగిపోయాడు. అంతేగాని ఒకరు వీరులూ ఒకరు పిరికివాళ్ళూ కారు. నజీబ్ ప్రభుత్వమైనా మూడేళ్ళ తర్వాత పోయింది. కారణం అదే - బలం సొంతం కాదు.

పొయ్యికి మూడు రాళ్ళుంటేనే కుండ నిలుస్తుంది. ప్రభుత్వానికి కూడా మూడు రాళ్ళు కావాలని నా అభిప్రాయం. ఒకటి సొంత ఖజానా. రెండు జనం ఒప్పుకోలు. మూడు ఇరుగుపొరుగు దేశాలు వేలు పెట్టకపోవడం. కర్మాల్ నుంచి ఘనీ దాకా ఎవరికీ ఈ మూడూ ఒకేసారి లేవు.

"సరే, తాలిబాన్లు వచ్చాక యుద్ధం ఆగిందిగా?" అని మీరడగవచ్చు. ఆ మాటలో నిజముంది, ఒప్పుకుందాం. ఊళ్ళ మీద బాంబులు పడడం బాగా తగ్గింది, రోడ్ల మీద ప్రయాణం సులువైంది. పన్నులూ సుంకాలూ పాత ప్రభుత్వం కంటే గట్టిగానే వసూలు చేస్తున్నారు. 2022లో నల్లమందు సాగును నిషేధిస్తే, ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023 నాటికి సాగు 95 శాతం తగ్గింది. అయితే ఆ పంట మీద బతికిన రైతుకి బదులుగా ఏం దొరికింది? పెద్దగా ఏమీ లేదు. మొదటి రాయి సగం నిలిచిందనుకుందాం.

రెండో రాయి మాట? ఎన్నికలు లేవు. కందహార్‌లో కూర్చున్న హిబతుల్లా అఖుంద్‌జాదా ఫర్మానాలే శాసనాలు. ఆడపిల్లలకు ఆరో తరగతితో బడి ఆపేశారు. 2022 మార్చిలో బళ్ళు తెరుస్తామని చెప్పి, పిల్లలు పుస్తకాలతో వచ్చాక, ఆ పూటే వెనక్కి పంపేశారు. అదే ఏడాది డిసెంబరులో విశ్వవిద్యాలయాల గేట్లు కూడా వాళ్ళకి మూసేశారు. దేశంలో సగం మందికి నోరు లేకుండా చేసి దాన్ని శాంతి అనడం ఎలా? శ్మశానంలో కూడా గొడవలుండవు.

మూడో రాయి అంతకంటే కదులుతోంది. తాలిబాన్లను ఒకప్పుడు పెంచిన పాకిస్తానే ఇప్పుడు వాళ్ళతో తగువు పడుతోంది. 2025 అక్టోబరులో సరిహద్దు పొడుగునా కాల్పులు జరిగాయి, మళ్ళీ దోహాలోనే కాల్పుల విరమణ కుదర్చాల్సి వచ్చింది. 2023 చివరి నుంచి పాకిస్తాన్, తర్వాత ఇరాన్ కూడా లక్షలాది శరణార్థుల్ని వెనక్కి తోలేశాయి. లోపల ఇస్లామిక్ స్టేట్ ముఠా పొంచి ఉంది. 2024 డిసెంబరులో కాబూల్ నడిబొడ్డున ఒక తాలిబాన్ మంత్రినే బాంబుతో చంపింది. కొండల్లో తిరుగుబాటు చేసి గెలిచినవాళ్ళకి ఇప్పుడు తిరుగుబాటు అంటే ఏమిటో అటువైపు నుంచి తెలిసివస్తోంది.

మన దేశం ఏం చేసింది? నిజం చెప్పుకోవాలంటే మనం కూడా తడబడ్డాం. 1980 జనవరిలో సోవియట్ సేనలు వెళ్ళిపోవాలని ఐక్యరాజ్యసమితి తీర్మానం చేస్తే మన దేశం ఓటు వెయ్యకుండా ఊరుకుంది. తర్వాతి కాలంలో మంచి పనులూ చేశాం. జరంజ్ - దెలారాం మధ్య 218 కిలోమీటర్ల రోడ్డు, హెరాత్ దగ్గర సల్మా ఆనకట్ట, కాబూల్‌లో పార్లమెంటు భవనం మన సాయంతో కట్టినవే. కాని 2021 ఆగస్టులో, వాళ్ళకి మన అవసరం అన్నిటికంటే ఎక్కువైన రోజున, అంతకుముందు ఇచ్చిన వీసాలు రద్దుచేశాం. మన విశ్వవిద్యాలయాల్లో సీట్లున్న ఎందరో విద్యార్థులు అక్కడే చిక్కుకుపోయారు. 2025 అక్టోబరులో తాలిబాన్ విదేశాంగమంత్రి ముత్తాకీ ఢిల్లీ వచ్చాడు. మొదటి పత్రికా సమావేశానికి ఒక్క మహిళా విలేకరి కూడా లేదు. గొడవ చేశాక రెండోదానికి పిలిచారు. నాకు ఈ చిన్న సంఘటనలో పెద్ద పాఠం కనిపిస్తోంది: అడిగితే కొంతైనా కదులుతుంది, ఊరుకుంటే అదే మర్యాదగా స్థిరపడుతుంది.

కాబూల్‌లో ఎవరున్నారో వాళ్ళతో మాట్లాడక తప్పదు. గోధుమలు, మందులు పంపడానికైనా మాట్లాడాలి. దానికి నేను వ్యతిరేకం కాదు. కాని మాట్లాడే ప్రతిసారీ ఆడపిల్లల బడి సంగతి బల్లమీద పెట్టాలి. అంతకన్నా సులువైన పని మన చేతిలోనే ఉంది. అక్కడ మూసిన గేటుకి బదులు ఇక్కడ ఒక గేటు తెరవమని అడగవచ్చు. ఆఫ్ఘన్ అమ్మాయిలకు కొన్ని సీట్లు, ఆలస్యం చేయని వీసా, రాలేనివాళ్ళకి ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు, చదువు పూర్తయినవాళ్ళని వెంటనే పొమ్మనకుండా కొంత గడువు - ఇవి కోరుతూ మన విద్యార్థి సంఘం ఒక తీర్మానం చేసి విశ్వవిద్యాలయానికీ, ఢిల్లీకీ పంపాలి. ఫీజులు తగ్గించమనీ, మెస్సు బాగుచేయమనీ మనం తీర్మానాలు చేస్తూనే ఉన్నాం కదా. అందులో ఇదొకటి చేర్చడానికి అభ్యంతరమేముంది?

సేనలు వెళ్ళిపోవడం స్వాతంత్ర్యానికి మొదటి మెట్టు మాత్రమే. ఆ సంగతి 1947 తర్వాత మనకీ తెలిసింది. రెండో మెట్టు తమ మనుషుల్ని తామే మనుషులుగా చూసుకోవడం. ఆ మెట్టు ఎక్కేదాకా కాబూల్‌లో గద్దెలు మారతాయి గాని స్థిరత్వం రాదు. ఎక్కవలసినవాళ్ళు ఆఫ్ఘన్లే. ఎక్కే పిల్లల చేతిలో పుస్తకం లాక్కోకుండా చూడడం మాత్రం అందరి పని.