డాక్టర్ గారూ, ఆ పిల్లని ఒంటరిగా అడగండి

పని ఇప్పిస్తామని ఏజెన్సీ నుంచి తీసుకుపోయిన మా ఆడపిల్లలు పోలీస్ స్టేషన్ దాకా రాలేరు. జ్వరమొస్తేనో, కడుపొస్తేనో ఆసుపత్రికి మాత్రం వస్తారు. పక్కన 'అత్త'నంటూ ఒకామె. పేరడిగినా, వయసడిగినా ఆమే చెప్తది. ఆధార్ కార్డు ఆమె సంచిలోనే. మీరేమో మందులు రాసి పంపేస్తారు!

"ట్రైబల్స్ నోరు విప్పరు" అంటారు. విప్పనిచ్చిందెవరు? ఆ 'అత్త'ని బయట కూర్చోబెట్టండి. కోయ, గోండి, సవర... పిల్లది ఏ భాషయితే అది వచ్చిన మనిషిని పిలిపించి, "ఇంటికి పోతావా?" అని అడగండి. 18 ఏళ్లలోపైతే 1098కి ఫోన్ చేయండి. ఆ పిల్లపై లైంగిక దాడి జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానమొచ్చినా పోలీసులకి చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అదే చెప్తోంది. దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష. మేం దయ అడగట్లేదు, మీ డ్యూటీ చేయమంటున్నాం.

మన ఏఎన్ఎం అక్కల్లారా, ఆశా అక్కల్లారా! డాక్టర్ అడగకపోతే మీరడగండి.

జై ఆదివాసీ!