నేల విడవని సాము

కొరియా దేశపు హప్‌కిడో గొప్పదా, జపాను దేశపు జూడో గొప్పదా అని విద్యార్థులు వాదించుకోవడం కద్దు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని సామెత. గెలుపు ఓటములను బట్టి ఒక యుద్ధవిద్యకు పెద్దరికం కట్టబెట్టబోతే ఆ తగవు ఎన్నటికీ తెగదు. ఏ విద్య తన శిష్యుని చేత ఎట్టి సాధన చేయిస్తున్నది, ఆ సాధనలో నిజం పాలు ఎంత అన్నవే అడుగదగిన ప్రశ్నలు.

హప్‌కిడో అన్న పేరులో 'హప్' అంటే కలయిక, 'కి' అంటే ప్రాణశక్తి, 'డో' అంటే మార్గం. ఈ మూడు పదాలకు గల చీనా అక్షరాలనే జపానువారు 'ఐకిడో' అని చదువుతారు. చుట్టరికం పేరుతోనే ఆగలేదు. ఐకిడో స్థాపకుడు ఉయెషిబా మొరిహెయ్ దైతోర్యు జుజుత్సు ఆచార్యుడైన టకెడా సొకాకు శిష్యుడు. హప్‌కిడోకు మూలపురుషుడైన చోయ్ యోంగ్‌సుల్ తానూ జపానులో ఆ టకెడా వద్దనే విద్య గడించినట్లు చెప్పుకొన్నాడు. ఈ మాటకు లిఖితమైన ఆధారం లేదనేవారు ఉన్నారు. పట్టులలోని పోలిక మాత్రం కాదనరానిది. 1945లో కొరియా జపాను పాలన నుండి విముక్తి పొందిన తరువాత చోయ్ స్వదేశం చేరి దేగు నగరంలో స్థిరపడినాడు. 1948లో ఆయనకు తొలి శిష్యుడైన సియో బొక్‌సొప్ అప్పటికే జూడో ఎరిగినవాడు. తరువాత జి హన్‌జే మొదలైనవారు కాలి తాపులను చేర్చి విద్యను విస్తరింపజేసినారు.

ఈ విద్యలో తొలినాళ్ళ పాఠం కొట్టడం కాదు, పడడం. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, తల నేలకు తగలనీయక, అరచేతితో చాపను చరుస్తూ, దెబ్బను ఒళ్ళంతటికీ పంచి పడాలి. పిమ్మట మణికట్టును విడిపించుకొనే పాఠం. పట్టుకొన్నవాని బొటనవ్రేలికీ తక్కిన వ్రేళ్ళకూ నడుమ ఉండే సందే ఆ పట్టులో బలహీనమైన చోటు. చేతిని ఆ వైపుకు తిప్పి లాగితే తక్కువ బలంతోనే బయటపడవచ్చును. ఎదిరి బలాన్ని ఢీకొనకుండుట, వృత్తాకారంలో కదలుట, నీటివలె ప్రవహించుట అనే మూడు సూత్రాల మీద తక్కిన పట్టులన్నీ నడుస్తాయి.

తైక్వాండోకు కాలి దెబ్బ ప్రధానం. ఐకిడోకు దాడిని మళ్ళించి పడవేయడం ప్రధానం. హప్‌కిడోలో తాపులు, కీళ్ళ పట్టులు, పడవేతలు, చేతికర్ర సాము అన్నీ ఉన్నాయి. ఈ విస్తృతియే దాని ఆకర్షణ. దాని కష్టమూ అదే.

జూడో చరిత్ర ఇందుకు భిన్నమైనది. 1882లో కోడోకాన్‌ను స్థాపించిన కానో జిగొరో ప్రమాదకరమైన దెబ్బలను నిర్ణీత ప్రదర్శనలకు పరిమితం చేసి, పూర్తి బలంతో పెనుగులాడదగిన పట్టులను మాత్రం నిత్యసాధనకు ఉంచినాడు. విద్య కొంత సన్నగిల్లినది గాని, శిష్యుడు ప్రతిదినమూ లొంగనివానితోనే పెనుగులాడుతున్నాడు. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో, 2000లో సిడ్నీ క్రీడలలో తైక్వాండో పతకాల పోటీలైనాయి. హప్‌కిడోకు ఆ స్థానం దక్కలేదు.

మణికట్టును పూర్తి బలంతో మెలిపెడితే కీలు చెడుతుంది. అందుచేత నొప్పి తెలియగానే సహాధ్యాయి చేతితో తట్టి సూచిస్తాడు. పట్టినవాడు తక్షణం వదలాలి. ఒకరి అవయవం మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఈ నియమమే రక్ష. ఇంతవరకు బాగున్నది. కాని సహాధ్యాయి మర్యాదకు పడితే, తన బలానికే పడినాడని శిష్యుడు భ్రమించవచ్చును. నేల విడిచి సాము అంటే ఇదే. చూచివ్రాతలో దస్తూరి కుదిరిన బాలుడు స్వయంగా వ్యాసం వ్రాయగలడని ఏ ఉపాధ్యాయుడూ అనుకోడు. ఆత్మరక్షణ విషయంలో మాత్రం ఆ పొరపాటు జరుగుతూనే ఉన్నది. నాలుగు రోజుల శిక్షణలో నాలుగు పట్టులు చూపి, ఇక భయం లేదని పిల్లలకు చెప్పి పంపితే, అది వారికి ధైర్యం ఇచ్చినట్లు కాదు. ఆపదలో వారిని మోసగించినట్లు.

లోపం పట్టులది కాదు, సాధనది. పట్టు కుదిరిన తరువాత సహాధ్యాయి కొంచెం కొంచెంగా ఎదురు తిరగాలి, ఏ చేయి పట్టబోతాడో ముందుగా చెప్పరాదు, లాగాలి, నెట్టాలి. అప్పుడు సగం పట్టులు విఫలమవుతాయి. ఆ వైఫల్యాన్ని శిష్యుని ముందు దాచని గురువే నిజమైన గురువు. పరుగెత్తి తప్పించుకోవడం కూడ ఆత్మరక్షణమేనని చెప్పడానికి ఆయన సిగ్గుపడడు.

ఇట్టి గురువు దొరికితే హప్‌కిడో అయినా జూడో అయినా ఒకటే. దొరకనినాడు, ఏ పేరు పెట్టుకొన్నా ఆ విద్య పడడం దగ్గరే ఆగిపోతుంది.