గర్భిణి కంచం ఎవరి చేతిలో ఉంది?

గర్భిణీ స్త్రీ ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ ముందుగా బరువు చూస్తారు. కార్డు మీద అంకె వేస్తారు. పెరగకపోతే “సరిగ్గా తినడం లేదా అమ్మా?” అని అడుగుతారు. ఎక్కువ పెరిగితే “కొంచెం తగ్గించాలి” అంటారు. ఆమె తల ఊపి వెళ్ళిపోతుంది. మళ్ళీ నెలకు అదే అంకె, అదే మాట.

ఎన్నో ఏళ్ళుగా ప్రసూతి వార్డులలో పనిచేస్తున్న నర్సుగా నా అభిప్రాయం ఇది. ఆహారం గురించిన సలహా గర్భిణికి ఒక్కదానికే చెబితే సగం పని కూడా జరగదు. ఆమె ఏమి తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అన్నది చాలా ఇళ్ళలో ఆమె చేతిలో లేదు. ఆ సలహా వినవలసినవారు తరచుగా బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు.

ఎంత తినాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినది సుమారు 350 కేలరీలు మాత్రమే. అంటే ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు. సాధారణ బరువున్న స్త్రీ తొమ్మిది నెలల్లో మొత్తం 10 నుండి 12 కిలోలు పెరిగితే చాలు. మొదటి మూడు నెలలు పెద్దగా పెరగదు, ఆ తరువాత నెలకు సుమారు ఒకటిన్నర, రెండు కిలోలు. బాగా సన్నగా ఉన్నవారు ఇంకొంచెం ఎక్కువ, లావుగా ఉన్నవారు తక్కువ పెరగాలి.

ఇంత చిన్న అదనం కూడా కంచంలోకి ఎందుకు రావడం లేదు?

చివరగా తినే కోడలు

పేదరికం ఒక కారణమే, కాదనను. కాని అదొక్కటే కారణం కాదు. ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలోని కూర ఒకరికి సరిపోయి మరొకరికి సరిపోకపోవడం మనం చూస్తూనే ఉన్నాము. మగవాళ్ళు, పిల్లలు, అత్తమామలు తిన్న తరువాత కోడలు కూర్చుంటుంది. అప్పటికి పప్పు అడుగంటుతుంది. మిగిలిన అన్నంలో చారు పోసుకుని లేస్తుంది. “నాకు ఇంకా ఆకలిగా ఉంది” అని చెప్పడానికి కొత్త కోడలికి సిగ్గు.

అంగన్‌వాడీ నుండి ఇంటికి తెచ్చిన గుడ్లు కూడా ఇంట్లో పిల్లలకు పంచేస్తారు. తల్లి మనసు అంతే. అందుకే తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి ఒక పూట నిండు భోజనం కేంద్రంలోనే వడ్డించాలన్న ఆలోచన సరైనదని నా నమ్మకం. అక్కడ తిన్నది ఆమె కడుపులోకే పోతుంది. అయితే కొన్ని ఇళ్ళలో “మన కోడలు అక్కడికి వెళ్ళి తినడమేమిటి, పరువు తక్కువ” అంటారు. పరువు కంటే బిడ్డ ముఖ్యం కాదా?

ప్రేమతో పెట్టే ఆంక్షలు

“కడుపు నిండా తింటే బిడ్డకు చోటు ఉండదు”, “బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, ఆపరేషన్ చేస్తారు”, “గుడ్డు వేడి, గోంగూర వేడి”, “ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడు”. ఈ మాటలు చెప్పేవారు శత్రువులు కారు. తల్లి, అత్త, అమ్మమ్మ. భయంతో, ప్రేమతో చెబుతారు. అందుకే గర్భిణి వాటిని కాదనలేదు.

అసలు సంగతి ఏమిటంటే, అన్నం పోయే జీర్ణాశయం వేరు, బిడ్డ పెరిగే గర్భసంచి వేరు. తక్కువ తింటే కాన్పు సులువు కాదు. తల్లికి బలం తగ్గుతుంది, బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు లాగే శక్తి ఉండదు, జబ్బులు త్వరగా అంటుకుంటాయి. ఐరన్ మాత్ర వల్ల నల్లబడేది మలం మాత్రమే, బిడ్డ రంగు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో సగానికి పైగా, అంటే నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కాస్త రక్తస్రావమైనా ప్రాణం మీదికి వస్తుంది.

మరొక మాట. బియ్యం, మట్టి, బలపాలు తినాలనిపించడం రక్తహీనత ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది. నవ్వుతారని, తిడతారని దాచుకుంటారు. దాచవద్దు, నర్సుకు చెప్పండి.

మనసు బాగుంటేనే ముద్ద దిగుతుంది

“ఈసారైనా మగపిల్లవాడేనా?” అని ఇంటిల్లిపాదీ అడుగుతుంటే ఏ తల్లికి అన్నం సహిస్తుంది? ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుండి వచ్చే కణమే. కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేసి చెప్పడం, చెప్పమనడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా నింద మాత్రం తల్లి మీదనే. తాగి వచ్చే భర్త, దూరదేశం వెళ్ళిన భర్త, ఇంతకుముందు పోయిన బిడ్డ జ్ఞాపకం, వేవిళ్ళతో పడుకుంటే “నాటకాలు” అనే మాట, ఇవన్నీ ఆకలిని చంపేస్తాయి. కొందరు దిగులుతో తినడం మానేస్తారు. కొందరు అదే దిగులుతో పొద్దస్తమానం స్వీట్లు, చిప్సు నములుతూ ఉంటారు.

రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది “గారాబం” కాదు, వైద్యం కావలసిన సమస్య. డాక్టరుకు చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఇద్దరి తిండి ఒక్కరు తినడం

ఇప్పుడు పట్టణాలలో, పల్లెలలో కూడా రెండవ రకం కష్టం పెరిగింది. “నువ్వు ఇద్దరికి తినాలి” అని నెయ్యి, సున్నుండలు, జ్యూసులు పెట్టి, గిన్నె కూడా కడగనివ్వరు. ఇదీ ప్రేమే. కాని బరువు అతిగా పెరిగితే మధుమేహం, రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే గ్లూకోజ్ తాగించి చేసే షుగరు పరీక్ష మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి తప్పనిసరి. ఇంకొందరు చదువుకున్న అమ్మాయిలు ఒళ్ళు వస్తుందని ఒక పూట మానేస్తున్నారు. అదీ మంచిది కాదు. ఒక్కసారిగా బరువు పెరిగి, ముఖం వాచి, తలనొప్పి ఉంటే మాత్రం అది తిండి వల్ల కాదు. వెంటనే ఆసుపత్రికి రండి.

ఇక చేయవలసినది

నా తోటి నర్సులకు ఒక మనవి. బరువు అంకె చూసి నలుగురిలో కోప్పడవద్దు. కోప్పడితే వచ్చే నెల ఆమె రాదు. “ఇంట్లో వంట ఎవరు చేస్తారు? మీరు ఎవరితో కలిసి తింటారు? నిన్న ఏమి తిన్నారు? మనసు ఎలా ఉంది?” అని నెమ్మదిగా అడగండి. కాసేపు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. తరువాత అత్తగారినో భర్తనో లోపలికి పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి చెప్పండి. అత్తగారిని తప్పుపడితే వినదు. “పెద్దవారు, మీరు చెబితేనే వింటుంది” అంటే ఆమే మనకు పెద్ద అండ.

అత్తలకు, అమ్మలకు: ఈ తొమ్మిది నెలలు కోడలిని మీతోపాటు కూర్చోబెట్టుకుని తినండి. తోటకూర పప్పు, మునగాకు, గుడ్డు, రాగిజావ, పల్లీ బెల్లం ఉండ మన ఊరిలో దొరికేవే. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ ఇవ్వవద్దు. నిమ్మరసం మంచిది.

భర్తలకు: ఆసుపత్రి గేటు దగ్గర దింపి వెళ్ళిపోకండి, లోపలికి రండి. మీ భార్య తిన్నదా లేదా అని రోజూ అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో అందరూ వింటారు.

సీమంతం నాడు చేతినిండా గాజులు వేసి, ఐదు రకాల పిండివంటలు పెడతాము. ఆ ఒక్కరోజు గౌరవం మిగిలిన రోజులలో కూడా ఆమె కంచంలో కనిపించాలి.

– నర్సింగ్ సూపరింటెండెంట్