మతిమరుపు పరీక్షలో బర్గర్ కొనాలా?

"ముసలితనంలో మతిమరుపు మామూలేగా" అన్నంత బద్ధకపు మాట మన ఇళ్ళలో ఇంకోటి లేదు. దానికి తోడు ఇంకో మాట: "ఆమెకి మతి లేదులే." మొదటి మాటతో జబ్బు ముదిరిపోతుంది. రెండో మాటతో బీరువా తాళాలు చేతులు మారతాయి, పొలం కాగితాల మీద వేలిముద్ర పడుతుంది.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే నూటికి ఏడుగురికి పైనే. ముందే పట్టుకోవాలి, నిజమే. కానీ ఎలాంటి పరీక్షతో?

మా అత్తయ్యని ఒక ఆసుపత్రిలో గడియారం బొమ్మ గీయమన్నారు. బడి గడప తొక్కని మనిషి, పెన్ను పట్టడమే రాదు. అదే మార్టూరులో మిరప కళ్ళంలో కూర్చోబెట్టండి. తాలు కాయ ఏదో చూడగానే ఏరేస్తుంది, నిన్న ఎవరెవరు కూలికొచ్చారో, ఎవరికెంత బాకీయో ఒప్పజెబుతుంది.

ఇప్పుడు వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు పరీక్షలు వస్తున్నాయి. 2019లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కళ్ళజోడు పెట్టి, మూడు గుర్తుల దాకా నడిపించి, మళ్ళీ మొదటి చోటికి రమ్మన్నారు. అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతీసేది మెదడులో దారి గుర్తుపెట్టే భాగాన్ని. మామూలు కాగితం పరీక్షల కంటే ఇదే బాగా పట్టిచ్చింది. అక్షరం ముక్కతో పని లేదు కనుక నేనూ దీనికి ఓటేస్తాను.

కానీ కొరియాలో చేసిన ఇంకో పరీక్ష చూడండి. కళ్ళజోడులో తెర మీద వేలితో నొక్కుతూ బర్గర్ ఆర్డర్ చేయాలి. అక్కడివాళ్ళకి అది రోజువారీ పనే. దాన్నే తెచ్చి మన పెద్దవాళ్ళకి తగిలిస్తే తప్పేది జ్ఞాపకం కాదు, అలవాటు. చీటీ మీద మాత్రం "మతిమరుపు" అనే రాస్తారు.

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువురానివాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. బుర్రకి బలం బడి ఒక్కటే ఇవ్వదన్నమాట. ఐసీఎంఆర్ తెలుగులోనూ పరీక్షలు తయారుచేయించింది. అంటే తలుచుకుంటే మనవాళ్ళూ చేయగలరు.

అందుకే అడుగుదాం. ఆ కళ్ళజోడులో మన పచారీ కొట్టు, మన బజారు కనబడాలి. తెలుగులో చెప్పాలి. కళ్ళు తిరిగితే ఆపాలి, అలవాటయ్యాకే మార్కులెయ్యాలి. తప్పినా అది అనుమానమే, తీర్పు కాదు. థైరాయిడ్, బీ12 లోపం, వినికిడి, దిగులు, ఇవన్నీ డాక్టరు చూశాకే ఏ మాటైనా.

ఆ మాట ముందు చెప్పాల్సింది కొడుక్కి కాదు, ఆమెకి. అప్పటిదాకా ఆమె తాళాల గుత్తి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మనం కూడా.