మీ అమ్మ బీపీ ఎంతో మీకు తెలుసా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఫోన్‌లో చార్జింగ్ ఎంతుందో అడిగితే చూడకుండానే చెప్తారు. మీ అమ్మ బీపీ ఎంతో చెప్పగలరా? రెండేళ్ల కిందటి వరకు నేనూ చెప్పలేకపోయేవాణ్ని. డిగ్రీ పాసయ్యాను, పోడు పట్టాల కోసం ఊరూరా మీటింగులు పెట్టాను. మా ఇంట్లో ఎవరికి ఎంత ఉందో మాత్రం తెలీదు.

ఒక ఎండాకాలం మా పెద్దనాన్న తునికాకు కల్లంలో కట్టలు తిరగేస్తూ పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. గాలి సోకిందన్నారు కొందరు, ఎండదెబ్బ అన్నారు ఇంకొందరు. టౌన్‌లో ఆస్పత్రికి చేర్చేసరికి సాయంత్రమైంది. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "ఈయనకి బీపీ ఎప్పట్నుంచి ఉంది?" వెంట పోయిన ఆరుగురిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

మనోళ్లు ఒక మాట అంటుంటారు: బీపీ, షుగరు కూర్చుని తినేవాళ్ల రోగాలు, గుట్టలెక్కి దిగే మనకెందుకొస్తాయి అని. నేనూ నమ్మాను. కానీ ఆదివాసీల ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన రిపోర్టు ఏం చెప్పిందో తెలుసా? మన పెద్దవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువ ఉందని. మలేరియా అయితే చలిపెట్టి వణికించి మరీ చెప్తుంది. ఇది చాలామందికి ఏమీ చెప్పదు. కొలిస్తేనే తెలుస్తుంది.

పెద్దనాన్న పడిపోయాక నాలుగిళ్లవాళ్లం పైసలేసుకుని ఒక మిషన్ కొన్నాం. జబ్బకు పట్టీ కట్టే రకం. మణికట్టుకు పెట్టే రకం తేలిగ్గా తప్పు చూపిస్తుంది, అది కొనకండి. పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా బాధ లేదు. నిజానికి నాయన కోసమే కొన్నాం. చుట్ట కాలుస్తాడు, కోపమెక్కువ, ఉంటే ఆయనకే ఉంటుందనుకున్నాం. నాయనకి 124/78 వచ్చింది. ఊరికే చూద్దామని అమ్మకి కడితే 168/102! మిషన్ చెడిపోయిందేమోనని మళ్లీ నాయనకే కట్టాం. మిషన్ బాగానే ఉంది.

అందుకే ఇంట్లో అందరికీ చూడండి అంటున్నాను. మనం అనుమానించే మనిషి వేరు, ఉండే మనిషి వేరు.

చూడ్డంలోనూ పద్ధతి ఉంది. నీళ్ల బిందె దించగానే, పొలం నుంచి రాగానే కడితే ఎక్కువ చూపిస్తుంది. చుట్ట, టీ తాగి అరగంట దాటాలి. ఒంటేలుకు వెళ్లొచ్చి, గోడకు ఆనించిన కుర్చీలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున ఏదైనా బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మన ముసలివాళ్ల విషయంలో ఇంకోటుంది. వాళ్ల జబ్బలు సన్నం. మిషన్‌తో వచ్చే పట్టీ చాలావరకు 22 సెంటీమీటర్ల చుట్టుకొలత నుంచి పనిచేస్తుంది. అంతకన్నా సన్నటి చేతికి అదే కడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, బాగానే ఉందనుకుని మోసపోతాం. టైలర్ టేపుతో కొలిచి, అవసరమైతే చిన్న పట్టీ అడిగి తీసుకోండి. (ఫోన్ కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్పే యాప్‌లు ఉన్నాయి కదా, వాటిని నమ్మి మందులు మార్చకండి.)

ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టర్‌కి చూపించాలి. ఒక్కసారి వచ్చిన అంకెతో భయపడొద్దు. 180/120 దాటితే ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. తగ్గకపోతే అదే రోజు ఆస్పత్రికి పోవాలి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే 108కి ఫోన్ చేయండి. మూతి వంకరపోయినా, మాట పోయినా అంకె ఎంతుందని చూస్తూ కూర్చోకండి. కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్లకి 140/90 వచ్చినా ఆలస్యం చేయొద్దు. అది తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

అమ్మకి వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో తేదీతో రాశాం. అది చూశాక డాక్టర్ మాతో మాట్లాడిన తీరే మారింది. అంతకుముందు అయితే, నడిచొచ్చిన ఆయాసంలో ఒక్కసారి చూసి చీటీ రాసేవాళ్లు. ఇప్పుడు ముందు పెట్టడానికి మన దగ్గర లెక్క ఉంది.

మందు మొదలైన రెండు నెలలకి అమ్మ ఆపేసింది. "తగ్గిందిగా, ఇంకెందుకు?" అంది. మందు వేస్తున్నందుకే తగ్గిందని నేను చెప్తే వినలేదు. ఆపిన పది రోజుల అంకెలు నోట్‌బుక్‌లో తనకే చదివి వినిపించాను. మర్నాడు తనే బిళ్ల అడిగింది. ఉప్పు దగ్గర మాత్రం అమ్మ ఒక్కతే మారితే కుదరదని అర్థమైంది. ఒకే కుండలో వండుకుంటాం కదా. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా కూడా నిండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎండుచేపలు, పచ్చడి లేకుండా అంబలి దిగని మా నాయనకి ఇది పెద్ద శిక్షే. ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

మిషన్ కొన్నాం కదా అని ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. 30 ఏళ్లు దాటిన వాళ్లకి ఉచితంగా బీపీ చూడటం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఏఎన్ఎం అక్కని, ఆశా అక్కని అడగండి. బిళ్లలు పది రోజులకే ఇస్తే, వాగు దాటి మళ్లీ రావాలంటే ఎట్లా అని గట్టిగా అడగండి, నెలకి సరిపడా ఇవ్వమనండి. అడిగేటప్పుడు నోట్‌బుక్ చేతిలో ఉండాలి.

మా నాలుగిళ్ల నోట్‌బుక్‌లో ఇప్పుడు పదమూడు పేర్లున్నాయి. ఆదివారం పొద్దున సంతకి పోయేముందు అందరూ మా అరుగు మీదకి వస్తారు. పెద్దనాన్నకి మాట ఇంకా పూర్తిగా రాలేదు. తన వంతు రాగానే ఎడమ చెయ్యి చాపుతాడు, అంకె రాశానా లేదా అని నోట్‌బుక్‌లోకి వంగి చూస్తాడు.