ఇల్లే బడియైనప్పుడు

కాప్రాలో ఉదయము ఏడున్నర గంటలకు వీధిలో నిలుచున్నవారికి పసుపుపచ్చని బడి బస్సులు వరుసగా సాగిపోవుట కన్పట్టును. ఒకప్పుడు సికింద్రాబాదు వెలుపలి పల్లెయైన ఈ చోటు, 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసిన పిమ్మట ఉద్యోగుల నివాసములతో నిండి, నేడు మహానగరమున కలిసిపోయినది. ఇక్కడి గృహస్థులలో పెక్కుమంది తమ ఆశలన్నియు పిల్లల చదువుమీదనే పెట్టుకొన్నవారు. అట్టిచోట ఒక క్రైస్తవ గృహిణి తన ఇద్దరు బిడ్డలను ఆ బస్సెక్కింపక ఇంటనే చదివించుచుండగా ఇరుగుపొరుగువారు వింతగా చూచుట సహజమే. బస్సు తప్పిపోయినదా యని మొదటి నెలలో అడిగినవారు, రెండవ నెలలో ఫీజు కట్టలేకపోయిరేమో యని జాలిపడిరట.

ఆమెకు ఏ పాఠశాలమీదను కినుక లేదు. మహమ్మారి వలన 2020లో బడులు మూతపడినప్పుడు పెద్దపిల్ల తల్లియొద్దనే అక్షరములు నేర్చినది. ఆ దినములలో ఆ పిల్ల వేసిన ప్రశ్నలకు అంతులేదు. తరువాత బడికి పోయి మూడవ తరగతికి వచ్చునప్పటికి "ఇది పరీక్షలో వస్తుందా?" అను ఒక్క ప్రశ్నయే మిగిలినది. పిల్లలు దేవుడు తన చేతికప్పగించిన సొమ్మనియు, ఆ సొమ్మునకు లెక్కచెప్పవలసినది తానే కాని పాఠశాల కాదనియు ఆ తల్లి విశ్వాసము.

ఆమె అనుసరించునది షార్లట్ మేసన్ (1842–1923) అను ఆంగ్ల విద్యావేత్త మార్గము. 1886లో గృహవిద్యను గూర్చి గ్రంథము వెలువరించిన ఈ మేసన్ పద్ధతిలో పాఠము పొట్టిది. చిన్నపిల్లలకు ఇరువది నిమిషములు మించదు. మంచి పుస్తకమునుండి ఒక్కమారు మాత్రమే చదివి వినిపింతురు. విన్నదానిని బిడ్డ వెంటనే తన మాటలలో తిరిగి చెప్పవలెను. మన వీధిబడులలోని అప్పజెప్పుటకును దీనికిని పైకి పోలిక కలదు కాని, లోన భేదము పెద్దది. అప్పజెప్పునప్పుడు గురువు మాట ఒక్కటి తప్పినను దోషము. ఇక్కడ గురువు మాటనే పలికినచో బిడ్డకు తెలిసినదా యని అనుమానింపవలసి యుండును. (ఇందువలన మన వల్లెవేతను చులకన చేయరాదు. పద్యము నోట నిలిచినవారికి పదములకు కరవుండదు. ఇంగ్లీషు పుస్తకములతోనే నడచు ఇంటిబడిలో తెలుగునకు చోటు చిక్కుట కష్టమని ఆమెయే ఒప్పుకొనును.)

ప్రకృతిని కన్నులార చూచుట ఈ పద్ధతిలో మరియొక ముఖ్యాంశము. కాప్రాలో అందుకు చెరువున్నది. మురుగునీటితోను గుఱ్ఱపుడెక్కతోను ఏండ్లతరబడి నలిగిన చెరువది. చిన్నవాడు అచ్చట లకుముకిపిట్ట నీటిలోనికి దుమికిన తీరును చూచివచ్చి, బొమ్మ గీసి, పదినిమిషములు చెప్పెనట. చెరువు కంపు కొట్టుట ఎందువలన నని కూడ అడిగెను. ఆనాటి పాఠము మురుగుకాలువల దారి పట్టినది.

అయితే ఈ తల్లి తన విజయములకంటె ఒక భయమును గూర్చియే ఎక్కువగా చెప్పును. పరుల బిడ్డ భాగహారము తప్పినచో ఉపాధ్యాయునికి అది లెక్కలోని తప్పు. కన్నబిడ్డ తప్పినచో తల్లికి అది తనలోని తప్పుగా తోచును. అందుచేత కోపము హద్దుమీరును. ఒకనాడు అట్లే చిన్నవానిపై కేకలు వేయగా, వాడు ఏడ్చుచు లేచి, అలవాటు చొప్పున తల్లి కొంగు పట్టుకొనబోయి, నడుమనే ఆగిపోయెనట. బడిలో తిట్లు తిన్న బిడ్డకు ఇల్లున్నది. ఇంటిబడిలో తిట్లు తిన్న బిడ్డ ఎచ్చటికి పోవలెను? తోటిపిల్లల సాంగత్యము లేదని, ఆటలు లేవని లోకులు గృహవిద్యను ఆక్షేపింతురు. అవి తీర్చదగిన లోట్లే. ఆదివారపు బడి, వీధి, మైదానము ఉన్నవి. ఈ లోటు మాత్రము ఆ విద్య స్వభావములోనే ఉన్నది.

ఆమెకు దీనికి జవాబు మూడువందల ఏండ్లనాటి ఒక తల్లి చరిత్రలో దొరికినది. సికింద్రాబాదులో వెస్లీ పేర పాఠశాలలున్నవని ఎల్లరు నెరుగుదురు. ఆ జాన్ వెస్లీ (1703–1791) 1714లో లండను బడికి పోవువరకు ఇంటనే చదివెనన్నది అంతగా ప్రచారములో లేదు. ఇంగ్లండులోని ఎప్‌వర్త్ గ్రామమున ఆయన తల్లి సుసన్నా పందొమ్మిదిమందిని కని, దక్కిన పదిమందికి తానే చదువు మొదలుపెట్టినది. బిడ్డకు అయిదేండ్లు నిండువరకు అక్షరము చెప్పదు. నిండినంతనే ఒక్కదినమున అక్షరములన్నియు నేర్పబూనును. దినమునకు ఆరుగంటల పాఠములు. బెత్తమునకు జంకి బిడ్డలు సద్దుచేయక ఏడ్చుట నేర్చిరని ఆమెయే ఒక లేఖలో వ్రాసినది. ఆ భాగము నేటివారికి ఆదర్శము కాజాలదు. కాని వారములో ఒక్కొక్క సాయంకాలమును ఒక్కొక్క బిడ్డకు ఆమె ప్రత్యేకించినది. జాన్‌కు గురువారము. అప్పుడు అక్షరములు లేవు, లెక్కలు లేవు. బిడ్డ మనస్సులోని సంగతులే. పెద్దవాడైన పిమ్మటను ఆయన ఆ గురువారములను మరువలేదు.

కాప్రా గృహిణియు అట్లే సాయంకాలములను పంచినది. లెక్కల పాఠమును మాత్రము తన చేతినుండి తీసి, విశ్రాంత ఉపాధ్యాయినియైన అత్తగారికి అప్పగించినది. చిత్రమేమన, ఈ గృహవిద్యను మొదటినుండియు ఒప్పనిది ఆ అత్తగారే. ఆమెది ఒంగోలు ప్రాంతము. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరిన పిమ్మట అమెరికన్ బాప్టిస్టు మిషను మాల మాదిగ పల్లెలలో బడులు నడపినది. ఊరి బడి గుమ్మము తొక్కనీయని కాలమది. ఆ పల్లెలవారికి బడి చదువు నేర్పిన చోటు మాత్రమే కాదు. తమ బిడ్డను పేరుపెట్టి పిలిచి, చాపమీద కూర్చుండబెట్టిన మొదటి చోటు. "మా అమ్మ కూలికి పోయి నన్ను బడికి పంపింది. నువ్వు బడి ఎదురుగా ఉండగా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడతావా అమ్మాయ్?" అని ఆమె అడిగినది. కోడలు మారుపలుకలేదు.

కోడలి పక్షమున న్యాయమున్నది. అత్తగారి పక్షమున అంతకంటె బరువైన చరిత్ర యున్నది. చదువుకొన్న తల్లి, తీరిక, పుస్తకములు, నెలజీతము ఉన్న ఇంటనే ఇంటిబడి నిలుచును. కూలిజనుల బిడ్డలకు అది దారి కాదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డలను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యన్నది. ఇంటిచదువునకు వేరుగా ఏర్పాటేదియు చేయలేదు. బడికి వచ్చిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలె నన్నదియు ఆ చట్టమే. పదునాలుగేండ్లు నిండినవారికి సార్వత్రిక విద్యాసంస్థ పరీక్ష ఉన్నది. ఇంటిబడి నడుపు తల్లి ఈ తలుపులను మూసికొనరాదు. బిడ్డ వ్రాసిన పుస్తకమును ఏడాదికొకమారైన పరాయి ఉపాధ్యాయుని కంట పడనీయవలెను. ఉపాధ్యాయులును ఇట్టి తల్లిని చూచి తమ వృత్తికి అవమానము జరిగినదని తలపక, తరగతిలో ఒక పాఠమును ఒక్కసారి చదివి "నీ మాటల్లో చెప్పు" అని అడిగి చూడవచ్చును.

అత్తాకోడండ్ర వాదము ఇంకను ముగియలేదు. రానున్న జూనులో పెద్దపిల్లకు పదేండ్లు నిండును. ఆ పచ్చబస్సు ఎక్కవలెనని ఇటీవల తానే అడిగినదట. తల్లి దరఖాస్తు తెచ్చి బీరువాలో పెట్టినది. ఇంకను నింపలేదు.